నాలుగో నంబరు పలికినదెవరు

పోయిన వారం సంచికలో తొకుజిని నా కొట్టు వెనక గుమ్మం దగ్గర వదిలేశాను. కానాగంత చేపల పొట్లం నా చేతిలో పెట్టి, అడగాలని వచ్చినది అడగకుండానే వానలో నడిచి వెళ్లిపోయాడు. ఏం అడగాలని వచ్చాడో నాకు తెలుసు. మా రేవు అగ్నిమాపక స్టేషనుకి ఈ ఏటితో నూరేళ్లు నిండాయి. కొత్త సంవత్సరం మొదటి ఆదివారం కవాతు జరుగుతుంది. పని విరమించిన ముసలాళ్లంతా వీపు మీద స్టేషను గుర్తు వేసిన పాత నీలం కోట్లు తొడుక్కుని ముందు వరుసలో నడుస్తారు. తొకుజి నడవాలా వద్దా అన్నది కెప్టెన్ ఉషిజిమ నా నెత్తిన పెట్టాడు. "గెంజిరో భార్యవి నువ్వు. నువ్వు సరేనంటే నడుస్తాడు. కాదంటే కోటు విప్పి ఇచ్చేస్తాడు" అన్నాడు. శనివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర చెబుతానన్నాను.

ఆ శనివారం వచ్చేసింది.

ఈ వారమే పత్రిక చేతికి తీసుకున్నవాళ్లు కూడా ఉంటారు, వాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఇరవై తొమ్మిదేళ్ల కిందట, నవంబరులో, గాలి విపరీతంగా ఉన్న ఒక మధ్యాహ్నం రేవులో వలల గిడ్డంగి అంటుకుంది. మా స్టేషను నుంచి అయిదుగురు లోపలికి వెళ్లారు. ఒక్కొక్కడికి ఒక నంబరు. ఒకటి సెయిహచి, రెండు కన్రోకు, మూడు రోకుసుకె, నాలుగు మా ఆయన గెంజిరో, అయిదు తొకుజి. మంట చెయ్యి దాటిపోతే కెప్టెన్ ఈల వేస్తాడు, అందరూ బయటికి వచ్చి నంబర్లు పలుకుతారు. అన్ని నంబర్లూ పలికితేనే లోపల ఎవరూ లేరని అర్థం. ఆ రోజు అయిదు నంబర్లూ పలికాయి. మా ఆయన మాత్రం రాలేదు.

ఆయనా తొకుజీ ఒకే నీళ్ల గొట్టం పట్టుకుని వెళ్లారు. ఒకే గొట్టం పట్టుకున్నవాళ్లు ఇద్దరూ కలిసే రావాలి. తొకుజి ఒక్కడే వచ్చాడు. జోడీని వదిలేసి వచ్చిన సంగతి బయటపడకుండా మా ఆయన నంబరు కూడా వాడే పలికాడని స్టేషనులో అన్నారు. తొకుజి అవుననలేదు, కాదనలేదు. నేను నమ్మాను. ఇరవై తొమ్మిదేళ్లు నమ్మాను.

ప్రతి నెలా మొదటి శనివారం వాళ్లు నా భోజనాల కొట్టులోనే కలుస్తారు. ఒకప్పుడు పద్దెనిమిది మంది వచ్చేవాళ్లు, చాప గది సరిపోయేది కాదు. అప్పటి గిడ్డంగి మంటకి వెళ్లినవాళ్లలో మిగిలింది నలుగురు. మూడో నంబరు రోకుసుకె కిందటి ఏడు పోయాడు. ఎండిన రొయ్యలంటే ప్రాణం పెట్టేవాడు, వెళ్లేటప్పుడు జేబులో కూడా పోసుకునేవాడు.

ఆ శనివారం ముల్లంగి, గుడ్లు, చేపముద్దలు పొద్దుటి నుంచీ సన్నసెగ మీద ఉడుకుతున్నాయి. నలుగురూ కోట్లు తొడుక్కునే వచ్చారు, కవాతుకి సరిపోతున్నాయో లేదో చూసుకోవాలట. కెప్టెన్‌కి ఎనభై రెండేళ్లు. బల్ల మొదట్లో, పెద్దల చోట కూర్చున్నాడు. ఆయనకి కుడిపక్క సెయిహచి, ఎడమపక్క కన్రోకు. గుమ్మం దగ్గర, చెప్పులు విప్పే చోటుకి ఆనుకుని, తొకుజి.

మాలో ఎవడి గిన్నె వాడు నింపుకోడు. పక్కవాడు పోస్తాడు, వాడికి వీడు పోస్తాడు. సాకె సారా తాగడంలో సగం సరదా అదే. ఈ ఇరవై తొమ్మిదేళ్లలో తొకుజికి ఎవరూ పోయలేదు. అందరికీ వాడే పోస్తాడు, తన గిన్నె బోర్లించి పెట్టుకుంటాడు. నేను మాత్రం తక్కువ తిన్నానా? వాడికి చేప తోకముక్కే వేసేదాన్ని. పులుసు చల్లారాక ఇచ్చేదాన్ని. చల్లారకపోతే అలమార పక్కన పెట్టి చల్లార్చి మరీ ఇచ్చేదాన్ని. "బావుంది వదినా" అని తాగేవాడు. ఆ మాట వింటే నాకు ఇంకా మండిపోయేది.

సెయిహచి నోరు ఊరికే ఉండదు. కన్రోకు చేతులు కడుక్కోవడానికి లేవబోతే పట్టుకుని కూర్చోబెట్టాడు.

"ఒరే కన్రోకూ, తొకుజితో కలిసి మాత్రం పెరట్లోకి వెళ్లకురా. ఇద్దరు వెళ్తే ఒక్కడే తిరిగొస్తాడు."

ఇది వాడు ప్రతి నెలా వేసే జోకే. ప్రతి నెలా కెప్టెన్ నవ్వుతాడు. కన్రోకు నవ్వినట్టు మొహం పెడతాడు. నేనూ నవ్వేదాన్ని, ఎందుకు అబద్ధం.

"వాడి పెళ్లాం కూడా అందుకే ముందు పోయింది రా. వీడితో కలిసి పోతే వీడు తిరిగొచ్చేసి తనొక్కత్తే అక్కడ మిగిలిపోతుందేమోనని భయం" అన్నాడు సెయిహచి.

తొకుజి సాకె కూజా అందుకుని సెయిహచి గిన్నె నింపాడు. నాలుగు చుక్కలు ఒలికి బల్ల మీద పడ్డాయి.

"చూడు, చూడు. నీళ్లు పట్టమంటే పారిపోయిన చెయ్యి. సాకె సరిగ్గా పోస్తుందా?"

"చాల్లేరా, తిననీ" అన్నాడు కన్రోకు.

"తినొద్దన్నానా? తోకముక్క ఉందిగా. వదిన దాని మీద వాడి పేరు రాసి పెట్టింది."

నిజంగానే తోకముక్కే వేసి ఉన్నాను. కానాగంతలు వాడు తెచ్చినవే.

భోజనాలు సగంలో ఉండగా కెప్టెన్ గొంతు సవరించుకున్నాడు. కోటు లోపలి నుంచి మడత పెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచాడు.

"అమ్మాయ్, ఫుసానో, ఇటొచ్చి కూర్చో. నీకు కష్టం లేకుండా నేనే ఒక దారి చూశాను. స్టేషను నూరేళ్ల పుస్తకం వేస్తున్నారు. అందులో గిడ్డంగి మంట గురించి రాయాలి. తొకుజి ఇది అందరి ముందూ చదివి, సంతకం బదులు ముద్ర వేస్తే, పుస్తకంలోకి ఎక్కుతుంది. చేసిన తప్పు ఒప్పుకున్నాడు కాబట్టి కవాతులో వెనక వరుసలో నడవనిద్దాం. ఏమంటావు?"

"వాణ్ణే అడగండి" అన్నాను.

"ఏరా?"

తొకుజి చేతులు తుడుచుకుని కాగితం తీసుకున్నాడు. లోపల చదువుకున్నాడు. వాడి మొహంలో ఏమీ కనబడలేదు. కోటు కాలరు ఒకసారి సర్దుకున్నాడు.

"ఇది చదివితే కోటు నాకే ఉంటుందా, కెప్టెన్ గారూ?"

"ఉంటుంది."

"మీ అందరితో కలిసి నడుస్తానా?"

"వెనక. నాలుగడుగులు ఎడంగా" అన్నాడు సెయిహచి. "ముందు మేం ఉంటాం కాబట్టి దారి తప్పవులే."

తొకుజి లేచి నిలబడ్డాడు. డెబ్బై ఏళ్ల మనిషి, తరగతిలో పాఠం అప్పజెప్పే పిల్లాడిలా కాగితం రెండు చేతులతో పట్టుకుని చదివాడు.

"వలల గిడ్డంగి అగ్నిప్రమాదంలో, నంబర్లు లెక్కపెట్టే సమయానికి నేను బయటే ఉన్నాను. నా జోడీ గెంజిరో లోపలే ఉన్నాడని తెలిసి కూడా భయం వల్ల అతని నంబరు నేనే పలికాను. దానివల్ల కెప్టెన్ గారు వెతుకులాట ఆపించారు. ఈ మరణానికి నేనొక్కణ్ణే బాధ్యుణ్ణి."

మధ్యలో ఎక్కడా ఆగలేదు, తడబడలేదు. చదివేసి కూర్చుని, జేబులోంచి ముద్ర డబ్బా తీశాడు. వచ్చేటప్పుడే తెచ్చుకున్నాడంటే ఏది ముందు పెట్టినా దాని మీద ముద్ర వేసేయాలని ఇంటి దగ్గరే అనుకుని ఉంటాడు. కెప్టెన్ ఎర్ర సిరా బిళ్ల వాడి వైపు జరిపాడు.

నాకు మాత్రం మొదటి వాక్యం మింగుడు పడలేదు.

నేను పెద్దగా చదువుకోలేదు. నా బుర్రలోకి వెళ్లింది ఏదీ బయటికి పోదు, అంతే. ఆ మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. మంట పెద్దదైతే స్టేషను ఆడవాళ్లం అన్నం ముద్దలు చేసి తీసుకెళ్లడం మాకు అలవాటు. మంచు ఫ్యాక్టరీ గోడ దగ్గర, రోడ్డుకి ఇవతల పళ్లెం పట్టుకుని నిలబడ్డాను. ఈల విన్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు విన్నాను. నాలుగు వినబడగానే పళ్లెం కింద దించి, పక్కనున్న ఆవిడతో ఊరగాయ ముల్లంగికి ఉప్పు ఎంత వెయ్యాలో మాట్లాడాను. అదంతా అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. గుప్పెడు చాలంటే కాదు రెండు గుప్పిళ్లంటుంది ఆవిడ.

ఉప్పు సంగతి తేలకముందే గిడ్డంగి గుమ్మంలోంచి ఒక మనిషి పొగ కక్కుకుంటూ మోకాళ్ల మీద బయటికి వచ్చాడు. ముసుగు లాగేస్తే తొకుజి మొహం.

ఉప్పు మాటల మధ్యలో వచ్చాడు. అయిదు పలికిన తర్వాత.

"ముద్ర వెయ్యకు" అన్నాను.

తొకుజి చెయ్యి ఆగింది.

"మొదటి వాక్యం అబద్ధం. లెక్క పెట్టినప్పుడు నువ్వు బయట లేవు."

"వదినా, వద్దు" అన్నాడు తొకుజి. గొంతు చాలా మెల్లగా వచ్చింది.

సెయిహచి నవ్వాడు. "ముప్ఫయ్యేళ్ల కిందటి మాట వదినా. పొద్దున ఏం తిన్నావో గుర్తుందా నీకు?"

"గంజి, ఉప్పులో ఊరిన పండు ఒకటి. ఆ రోజు నీ హెల్మెట్ పట్టీ తెగిపోతే పళ్లతో పట్టుకున్నావు. నీకు గుర్తుందా?"

వాడి నవ్వు ఆగిపోయింది.

"తొకుజి లోపలుంటే అయిదు పలికిందెవరు? అయిదు పలకనివాడు నాలుగెలా పలుకుతాడు? కెప్టెన్ గారూ, మీ ఎదురుగా లెక్క అయిపోయాక వీడు బయటికొచ్చాడు. మీరు చూశారు. నేనూ చూశాను. నేను మా ఆయన కోసం వెతుక్కుంటున్నాను కాబట్టి నా కళ్లు చూసినది నా బుర్ర పట్టించుకోలేదు. మీ బుర్రకేమైంది?"

కెప్టెన్ సిరా బిళ్లకి మూత పెట్టాడు. ఎనభై రెండేళ్ల మొహంలో ఎర్రటి చారలు లేచాయి.

"రోకుసుకె పలికుంటాడు, పాపం" అన్నాడు సెయిహచి. "వాడికి ఆ అలవాటుండేది."

"పోయినవాడి మీదికి నెట్టకురా" అన్నాడు కన్రోకు.

"నోర్ముయ్."

"ఆ అలవాటు మనందరికీ ఉండేదిరా."

కన్రోకు డెబ్బై ఆరేళ్ల మనిషి. ఎప్పుడూ ఎవరికీ ఎదురు చెప్పినవాడు కాదు. సెయిహచి నోర్ముయ్యమన్నాక కూడా మాట్లాడటం ఆ గదిలో అందరం మొదటిసారి చూశాం. వాడు నా వైపు తిరిగి, తప్పు చేసిన చిన్నవాడిలా చెప్పుకొచ్చాడు.

"పొగ మింగి వచ్చినవాడికి గొంతు రాదు వదినా. గోడ పట్టుకుని కక్కుతుంటాడు. నంబరు ఆలస్యమైతే కెప్టెన్ గారు వారం రోజులు మరుగుదొడ్లు కడిగించేవారు. అందుకని పక్కవాడు పలికేసేవాడు. గొంతివ్వడం అనేవాళ్లం. గెంజిరో నాకు ఎన్నిసార్లు గొంతిచ్చాడో! స్నేహమంటే అదేననుకునేవాళ్లం. ఆ రోజు గోడ దగ్గర ఇద్దరు కక్కుతున్నారు. పక్క స్టేషను వాళ్లు. అదే కోటు, అదే ముసుగు. గెంజిరో, తొకుజి అనుకున్నాం."

"అనుకుని?"

సెయిహచి గిన్నె ఎత్తి గటగటా తాగి బల్ల మీద కొట్టాడు.

"నేనే! సరేనా? నాలుగు నేను పలికాను. అయిదు రోకుసుకె పలికాడు. వాడు కక్కుతున్నాడనుకుని కాపాడబోయాను. నీ మొగుణ్ణి చంపుదామని పలికానా? వాడు నాకంటే ముందు స్టేషనులో చేరాడు, నాకు గొట్టం చుట్టడం నేర్పిందే వాడు!"

"పొరపాటు" అన్నాను. "సరే, పొరపాటే. తొకుజి బయటికొచ్చిన క్షణంలో తెలిసిపోయింది కదా పొరపాటని? మరి ఇరవై తొమ్మిదేళ్లు వీడి గిన్నె బోర్లించి ఎందుకుంది?"

కెప్టెన్ అప్పుడు మాట్లాడాడు. ఆయన గొంతు ఎప్పటిలా ఆజ్ఞలిచ్చే గొంతే.

"అందరూ బయటికొచ్చారని అప్పటికే పైవాళ్లకి చెప్పేశాను. మూడు పంపుల నీళ్లు ముందు గోడ మీదికి తిప్పించాను. మళ్లీ మనుషుల్ని లోపలికి పంపిస్తే ఇంకా పోయేవాళ్లు. నా మాట తప్పని తేలితే స్టేషను పరువు పోతుంది. జోడీని వదిలేసి వచ్చినవాడు ఒకడున్నాడు. వాడు నోరెత్తలేదు. తప్పు వాడి మీద వేస్తుంటే నేను వద్దనలేదు."

"వీడు వదిలేసి రాలేదు" అన్నాడు కన్రోకు. "గొట్టం తెగిపోయి, పొగలో గెంజిరో చెయ్యి జారిపోతే వెతుకుతూ ఉండిపోయాడు. బయటికొచ్చింది మనల్ని పిలవడానికి."

నాకు ఇంకొకటి కళ్ల ముందుకు వచ్చింది. తొకుజి బయటికొచ్చాక నలుగురు మనుషులు వాణ్ణి నేల మీద పడేసి వీపు మీద కూర్చున్నారు. వాడు తన్నుకున్నాడు, మట్టి గోళ్లతో గీరాడు. జోడీని వదిలేసినందుకు కొడుతున్నారనుకున్నాను. ఇంకా కొట్టమని నేనే అరిచాను. నా గొంతు వాడికి వినబడే ఉంటుంది. అది కొట్టడం కాదు, లోపలికి మళ్లీ దూకబోతున్నవాణ్ణి ఆపడం.

"తొకుజీ" అన్నాను. "నీ నోట్లో నాలుక లేదా? ఒక్కనాడు నా వెనక గుమ్మం దగ్గరికొచ్చి ఇది జరిగింది వదినా అని చెప్పలేకపోయావా? ఇన్ని తోకముక్కలు తిన్నావు. ఈ జోకులన్నీ విన్నావు. ప్రతి నెలా మళ్లీ ఎందుకొచ్చావు?"

"ఇంకెక్కడికి పోను వదినా?" అన్నాడు. ఆ మాట కూడా వాడు మామూలుగానే అన్నాడు. "వీళ్లే కదా నావాళ్లు. ఆ మంటలో ఉన్నది వీళ్లే. ఇంకెవరితో కూర్చుంటాను?"

"చెప్పడానికేం?"

వాడు కాగితం నాలుగు మడతలు పెట్టాడు. "వదిలేద్దాం. కోటు కూడా ఇచ్చేస్తాను. నాకు కవాతు వద్దు."

లేచి కోటు విప్పడం మొదలుపెట్టాడు. ఒక చెయ్యి బయటికి వచ్చింది. కవాతు కోసం అబద్ధానికి ముద్ర వెయ్యబోయిన మనిషి, నిజం బయటపడే సమయానికి కోటే వద్దంటున్నాడు. అంటే లోపల ఇంకా ఏదో ఉంది.

"దేనికి భయపడుతున్నావు నువ్వు?"

"వదినా, ఆయన మొదటి పొగకే పోయాడని నీకు చెప్పారు. అదే ఉంచుకో."

"అదే ఉంచుకో అంటే?"

సెయిహచి మొహం తిప్పుకున్నాడు. కెప్టెన్ లేచి నిలబడటానికి బల్ల పట్టుకున్నాడు. "చాలు. ముసలాళ్ల మాటలు. అమ్మాయ్, మాకు సెలవిప్పించు."

నేను వెళ్లి కొట్టు తలుపు జరిపి గడియ పెట్టాను. కొట్టు తెరిచి ఉందని బయట వేలాడదీసే గుడ్డ లోపలికి లాక్కున్నాను. శనివారం మధ్యాహ్నం నా కొట్టు మూసి ఉండడం రేవులో ఎవరూ చూసి ఎరగరు.

"మొదటి పొగకే పోయాడని నా పిల్లలకి చెప్పాను" అన్నాను. "బాధ పడలేదు, నిద్రపోయినట్టే పోయాడని ఆయన సమాధి దగ్గర కూర్చుని ఆయనకే చెప్పాను. ఇప్పుడు ఎవరు చెబుతారో చెప్పండి. లేకపోతే ఇక్కడే కూర్చుందాం."

పొయ్యి మీద ముల్లంగి ముక్కలు బుడబుడమంటున్నాయి. కన్రోకు కళ్లు తుడుచుకున్నాడు.

"సముద్రం వైపు ఇనప తలుపుంది కదా వదినా. తొకుజి చెబితే నన్ను అక్కడికి పంపారు, వినమని. తలుపు వేడికి వంగి బిగుసుకుపోయింది. కోసే యంత్రం ముందువైపు బండిలో ఉంది. వెనక్కొచ్చి కెప్టెన్ గారికి చెప్పాను, లోపలి నుంచి గెంజిరో తలుపు కొడుతున్నాడని."

"ఆ చప్పుడు రేకులది" అన్నాడు కెప్టెన్. "వేడికి రేకులు కొట్టుకుంటాయి. నేను అప్పుడే చెప్పాను."

"రేకులు మూడేసి మూడేసి కొట్టవు కెప్టెన్ గారూ" అన్నాడు కన్రోకు. "మూడు కొట్టి ఆగేవాడు. మళ్లీ మూడు. లోపల మనిషున్నాడంటే అలా కొట్టమని మాకు నేర్పింది మీరే."

తొకుజి సగం విప్పిన కోటుతో అలాగే గోడకి ఆనుకుని కూలబడ్డాడు. "నువ్వు వినకూడదని వదినా" అన్నాడు. "ఈ ఒక్క సంగతి నీ చెవిన పడకూడదని."

ఉప్పు ఒక గుప్పెడా రెండు గుప్పిళ్లా అని నేను వాదిస్తున్నప్పుడే ఆయన కొట్టడం మొదలుపెట్టి ఉంటాడు.

"ఎంతసేపు?" అని అడిగాను.

కెప్టెన్ కళ్లు మూసుకున్నాడు. సెయిహచి "వద్దురా" అన్నాడు కన్రోకుతో, బతిమాలుతున్నట్టు. నేను కన్రోకు వైపు తిరిగాను.

"కన్రోకూ. ఎన్ని నిమిషాలు కొట్టాడు?"

కన్రోకు రెండు చేతులూ బల్ల మీదికి ఎత్తి పది వేళ్లూ విప్పి నాకు చూపించాడు. పదీ నేను చూశాను. తర్వాత పిడికిళ్లు మూసి, మళ్లీ విప్పబోయాడు. సెయిహచి బల్ల మీద పడి ఆ రెండు చేతుల్నీ కిందికి నొక్కేశాడు.